ఖాళీ కుర్చీ బరువు

నర్సింగ్ చదువుదామనుకునే మన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మొదటే చెప్పేస్తాను, నేను నర్సుని కాను. నర్సుల చేతి కింద ఇరవై రెండేళ్ళు పనిచేసిన ఎయిడ్‌ని. న్యూజెర్సీలో, పిస్కాటవేకి కాస్త దూరంలో ఒక వృద్ధుల హోము. దాని పేరు రాయను. పక్కలు సర్దడం, స్నానం చేయించడం, తినిపించడం, డైపర్లు మార్చడం, నెలకోసారి బరువు తూచడం, ఇదీ నా ఉద్యోగం. నర్సులు మందులిచ్చి పక్క గదికి వెళ్ళిపోతారు. మనిషి దగ్గర ఉండిపోయేది ఎయిడే. అందుకని నర్సుల సంగతి నాకు బాగానే తెలుసు.

నా చదువు అయిదో తరగతి. ఇంగ్లీషు ఇక్కడికొచ్చాక చెవులతో నేర్చుకున్నాను. ఎక్కాలు, కూడికలు, తీసివేతలు మాత్రం గట్టిగా వచ్చు. ఈ రాతకి తీసివేత ఒక్కటి వస్తే చాలు.

సోమ, గురు, శనివారాలు నాకు ఉపవాసం. ఆ రోజుల్లో పొయ్యి జోలికి వెళ్ళే పని లేదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

శ్రేయ అడిగింది

మా అమ్మాయి పద్మ కూతురు శ్రేయకి పద్దెనిమిదేళ్ళు. పుట్టింది ఇక్కడే. మార్చిలో దానికి వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో నాలుగేళ్ళ నర్సింగ్ డిగ్రీకి సీటొచ్చింది. ఫీజు, హాస్టలు, తిండి అన్నీ కలిపి లక్షా డెబ్భై వేల డాలర్లు. చాలావరకు లోను. మా అల్లుడి ఉద్యోగం పోయి కాంట్రాక్టు మీద నెట్టుకొస్తున్నాడు, ఆయన సంతకం బ్యాంకు ఒప్పుకోదు. నాకు అప్పుల్లేవు. ఉన్నది ఒక్క క్రెడిట్ కార్డు, దాని మీద ఒక్క నెల కూడా బాకీ ఉంచలేదు. చిన్న ఇల్లు, పూర్తిగా కట్టేసింది. అందుకని బ్యాంకు కంటికి మా ఇంట్లో అందరికంటే నేనే ఆనాను.

"అమ్మమ్మా, నువ్వు కోసైన్ చెయ్యాలి. జస్ట్ ఒక సైన్. పే చేసేది నేనే," అంది శ్రేయ.

ఫోను నా ముందు పెట్టింది. వేలితో తెర మీద గీస్తే చాలట. నా పేరు అప్పటికే టైపు చేసి ఉంది. దాని కింద ఒక ఖాళీ గీత. నేను కదలకుండా కూర్చున్నాను. కాసేపటికి తెర చీకటిపడి అందులో నా మొహమే కనిపించింది. ఆ గీత మీద వేలు పెట్టలేదు. ఎందుకో ఆ రోజు దానికి చెప్పలేదు.

మన కౌంటీ కాలేజీలో కూడా నర్సింగ్ ఉంది కదా అన్నాను. రెండు మూడేళ్ళలో అయిపోతుంది, ఇంట్లో ఉండి వెళ్ళొచ్చు, ఖర్చు దీంట్లో పదో వంతు కూడా రాదు. చివర్న రాసే లైసెన్సు పరీక్ష రెండు కాలేజీలకీ ఒకటే. శ్రేయ మొహం చిన్నబుచ్చుకుంది. ఆంటీలందరూ ఏ యూనివర్సిటీ అని అడుగుతారు, కౌంటీ కాలేజీ అంటే మార్కులు రాలేదనుకుంటారు అంది.

"ఆంటీలు కడతారుటే నీ లోను?" అన్నాను.

చివరికి ఒక షరతు పెట్టాను. ఈ వేసవి రెండు నెలలు ఎయిడ్‌గా పనిచెయ్యి. ఆగస్టులో సంతకం మాట అప్పుడు చూద్దాం. మూతి ముడుచుకుంది గానీ కొన్ని వారాల ట్రైనింగ్ పూర్తిచేసి, నేను పనిచేసిన హోములోనే చేరింది.

లూసీ చెప్పినట్టు తూచడం

నాకు పని నేర్పింది లూసీ. ఫిలిప్పీన్స్ మనిషి, మా ఛార్జ్ నర్సు, అంటే మా అంతస్తంతా చూసుకునే పెద్ద నర్సు. పొట్టిగా ఉండేది, కళ్ళజోడు తాడుకి వేలాడేది. నవ్వడం నేను రెండుసార్లు చూశాను. పై ఉద్యోగులు చాలామందిని చూశాను, అరిచేవాళ్ళు ఎక్కువ. లూసీ అరవదు. తప్పు చేస్తే ఆ పని మళ్ళీ నీ చేతే మొదటినుంచి చేయించి, పక్కన నిలబడి చూస్తుంది. అరుపే నయమనిపించేది.

మా హోములో బరువు తూచేది స్నానాల గదిలో. నేల మీద వెడల్పాటి ఇనప పలక, దానికి చిన్న వాలు, గోడకి నంబర్లు కనిపించే పెట్టె. నడవలేనివాళ్ళని వీల్‌చెయిర్‌తో సహా పలక మీదికి తోస్తాం. టిక్కుమని శబ్దం చేసి నంబరు చూపిస్తుంది. అందులోంచి కుర్చీ బరువు తీసేస్తే మనిషి బరువు. కుర్చీ బరువు రాసిన స్టిక్కరు కుర్చీ వెనకాలే అంటించి ఉంటుంది.

ఖాళీ కుర్చీని ప్రతినెలా విడిగా తూచమనేది లూసీ. మేము తూచేవాళ్ళం కాదు. ఒక్కొక్కళ్ళకి పదిమంది ముసలివాళ్ళుంటే, స్టిక్కరు కళ్ళముందు ఉంటే, ఎవరు తూస్తారు? ఇనప కుర్చీ లావెక్కుతుందా అని నవ్వుకున్నాం కూడా.

డోరతీ

డోరతీ ఎనభై దాటిన మనిషి. ఒకప్పుడు నర్సు. మంచం పక్క కమ్మీ పట్టుకుని తనే లేచి కుర్చీలో కూర్చోగలదు, ఎవరి చెయ్యీ పట్టనివ్వదు. మధ్యాహ్నం భోజనమయ్యాక వరండాలో ఎండకి కూర్చునేది. అక్కడ మొక్కల చుట్టూ తెల్ల గులకరాళ్ళు పోసి ఉండేవి.

ఆమెకి ఒకే మనవరాలు, ఎమిలీ. ఎమిలీ కూడా నర్సే. రెండు చోట్ల డ్యూటీ చేస్తుంది, రావడానికి తీరిక ఉండదు, ఫోను చేస్తుంది. పేరున్న కాలేజీలో చదివింది అని డోరతీ అందరికీ చెప్పుకునేది. ఆ లోనుకి సంతకం పెట్టింది నేనే అని కూడా గర్వంగానే చెప్పేది.

ప్రతినెలా మొదటివారం ఆమెని నేనే తూచేదాన్ని. మొత్తం నూట అరవై ఆరు. కుర్చీ ముప్ఫై ఎనిమిది. మనిషి నూట ఇరవై ఎనిమిది పౌండ్లు. తర్వాతి నెలా అంతే. ఆ తర్వాత కూడా అంతే.

ఇప్పుడు ఇవి వరసగా రాస్తుంటే ఏమీ కనిపించలేదా అని నన్ను నేనే అడుగుతున్నాను. కనిపించింది. ఆమె చేతి గడియారం మొదట మణికట్టు మీద ఉండేది. వేసవికి మోచేతి దగ్గరికి జారింది. స్నానం చేయిస్తుంటే సబ్బు ఎముక మీంచి ఎముక మీదికి జారేది. పళ్ళెం ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. పక్కన కూర్చునే ఆవిడకి పెట్టేస్తోందని నేను గమనించలేదు. ఖాళీ పళ్ళెం చూసి తిన్నదని రాసేదాన్ని. ఆమె గది సింకులో రోజూ తెల్లటి సన్న ఇసుక కనిపించేది. ఊడ్చే మనిషి నా మీద విసుక్కుంటే, పైపులోంచి వస్తోందేమో అన్నాను.

ఇంకొకటి. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ కునుకు తీసే వేళ, నడవా అంతా ఎండ పరుచుకుని ఎక్కడా మనిషి అలికిడి ఉండదు. అప్పుడు స్నానాల గదిలోంచి టిక్కుమని వినిపించేది. నేను వెళ్ళేసరికి గదిలో ఎవరూ ఉండరు. గోడకున్న నంబర్ల పెట్టె మాత్రం వెలిగి ఉండేది. కాసేపటికి దానంతట అదే ఆరిపోయేది. రెండు మూడుసార్లు అలా అయ్యాక ఆ వేళకి అటు వెళ్ళడం మానేశాను.

నా చేతులు మనిషి చిక్కిపోయిందని చెప్పాయి. కాగితం చిక్కలేదని చెప్పింది. చదువు తక్కువ మనిషిని కదా, నా చేతులదే పొరపాటు అనుకున్నాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలు నా దగ్గర నేర్చుకోవలసింది ఏదైనా ఉంటే అదే. కాగితం, చెయ్యి చెరో మాట చెబితే ఆ కాగితాన్ని పక్కన పెట్టి మళ్ళీ మొదటినుంచి తూచాలి.

పలక మీద కుర్చీ

ఆ నెల మొదటివారం డోరతీని స్నానాల గదికి తీసుకెళ్ళాను. ఆమె స్నానపు బల్ల మీదికి మారి కూర్చుంది. ఖాళీ వీల్‌చెయిర్ కాళ్ళకి అడ్డమొస్తోందని వెనక్కి తోశాను. అది వాలు మీంచి పలక మీదికి ఎక్కింది. టిక్కుమంది.

నలభై తొమ్మిది.

కుర్చీలో ఎవరూ లేరు. స్టిక్కరు మీద ముప్ఫై ఎనిమిదే ఉంది. చేతులు తుడుచుకుని కుర్చీని దింపి మళ్ళీ ఎక్కించాను. నలభై తొమ్మిది. నాకు కనిపించకుండా అందులో పదకొండు పౌండ్లది ఏదో కూర్చుని ఉంది. నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఎదురుగా అద్దంలో డోరతీ నన్నే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా.

మెత్త ఎత్తాను. కింద దిండు గలేబు, మూతి ముడి వేసి ఉంది. విప్పితే తెల్ల గులకరాళ్ళు. శుభ్రంగా కడిగినవి. ఒక్కదానికి కూడా మట్టి లేదు.

"సూ, పాత బరువే రాయి," అంది డోరతీ. సుబ్బమ్మ అనే నా పేరు అక్కడ సూ అయిపోయింది.

ఎందుకిలా చేశావని అడిగాను. ఆమె ఏ వణుకూ లేకుండా, డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు ఇంకో నర్సుకి అప్పజెప్పినట్టు చెప్పింది. బరువు తగ్గితే డాక్టరుకి చెప్తారు. డాక్టరుకి చెప్తే కుటుంబానికి ఫోను చేస్తారు. ఫోను చేస్తే ఎమిలీ డ్యూటీ వదిలేసి వస్తుంది. ఒకసారి కాదు, వస్తూనే ఉంటుంది. ఒక డ్యూటీ పోతే ఆ నెల లోను కట్టలేకపోతుంది. అది కట్టకపోతే సంతకం పెట్టినదాన్ని కాబట్టి నా దగ్గరికి వస్తారు, నా దగ్గర ఏమీ లేదని దానికి తెలుసు, అందుకని అది ఇంకో డ్యూటీ ఒప్పుకుంటుంది. ఆకలి ఎందుకు చచ్చిపోయిందో తనకి తెలుసనీ, కడుపులో ఏముందో నర్సుగా ఊహించగలననీ, తెలుసుకుని చేసేదేమీ లేదనీ అంది. రోజూ మధ్యాహ్నం తనే ఇక్కడికి వచ్చి తూచుకుని, తనలో ఎంత తగ్గితే అన్ని రాళ్ళు కలిపేదట.

"నేను పెట్టిన సంతకం. దాని బరువు నా కిందే ఉండనీ," అంది.

నేను నూట ఇరవై ఎనిమిది అని రాశాను.

జాలిపడి రాశాను. ఇరవై రెండేళ్ళలో తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే. తొమ్మిది రోజులు నోరు మూసుకుని తిరిగాను. పదో రోజు పొద్దున డోరతీ మంచం మీంచి లేవలేకపోయింది. అప్పుడు లూసీకి చెప్పాను. అంబులెన్సు వచ్చింది. డోరతీ మళ్ళీ ఆ గదికి రాలేదు.

లూసీ అప్పుడు కూడా అరవలేదు. ఆ సాయంత్రం నన్ను స్నానాల గదికి తీసుకెళ్ళి, మా అంతస్తులో మిగతా కుర్చీలన్నీ ఒక్కొక్కటీ ఖాళీగా తూయించింది. పక్కన నిలబడి చూసింది.

ఎమిలీ వచ్చిన మధ్యాహ్నం

సామాను తీసుకెళ్ళడానికి ఎమిలీ డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. ముప్ఫై లోపు పిల్ల, కళ్ళ కింద నల్లగా ఉంది. బట్టలు సంచీలో పెట్టుకుని, అలసిపోయి, కిటికీ దగ్గరున్న ఆ వీల్‌చెయిర్‌లోనే కూర్చుంది. కింద రాళ్ళు కదిలి పళ్ళు కొరికినట్టు చప్పుడైంది. ఆ గలేబు తియ్యాలని మాకెవరికీ తట్టలేదు.

ఆమె ఉలిక్కిపడి లేచి మెత్త ఎత్తింది. చూసి, నా వైపు తిరిగింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను, నేను రాసిన నంబరుతో సహా.

 ప్రతినెలా ఫోను చేసి బరువెంత అని అడిగేదాన్ననీ, అలాగే ఉంది అనేవారనీ ఎమిలీ మెల్లగా చెప్పింది. నర్సుని కాబట్టి ఆ ఒక్క నంబరు వింటే చాలని, రాకుండా ఊరుకున్నానంది. జీతం తక్కువేమీ కాదు. కాలేజీ వాళ్ళు ఎంత వస్తుందన్నారో అంతా వస్తుంది. అందులో తన చేతికి మిగిలేది ఎంతో ఎవరూ చెప్పలేదంది.

"ఆఖర్న నిజంగా ఎంత ఉంది?" అని అడిగింది.

"నూట పదిహేడు," అన్నాను.

జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో రాసుకుంది. కాగితం అందనప్పుడు నర్సులందరూ అలాగే చేస్తారు. రాళ్ళ మూట రెండు చేతులతో ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఒక రాయి నేల మీద ఉండిపోయింది. అది నేను జేబులో వేసుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళు మధ్యాహ్నం భోజనాలయ్యాక స్నానాల గదిలోంచి ఆ టిక్కు వినిపిస్తూనే ఉంది. ఒకరోజు ధైర్యం చేసి వెళ్ళాను. పలక మీద ఏమీ లేదు. నంబరు పదకొండు. రిపేరు మనిషి వచ్చి లోపల తడి చేరింది అన్నాడు, బాగుచేశాడు. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. తడే అయి ఉంటుంది. కానీ ఆ రోజు మొదలు రిటైరయ్యేదాకా, ఖాళీ కుర్చీ తూచకుండా నేను ఒక్క మనిషిని కూడా తూచలేదు.

జీతం మాట

మన వాళ్ళు గుడి దగ్గర కనిపించి, పిన్నీ, నర్సులకి బాగా వస్తుందటగా అంటారు. వస్తుంది. నేను చూసినంతలో నర్సు పని దొరక్క ఖాళీగా కూర్చోదు. అందుకే నర్సింగ్ వద్దు అని ఎవరికీ చెప్పను.

కాలేజీ పుస్తకంలో పెద్ద అక్షరాలతో వేసే జీతం కుర్చీతో సహా తూచిన బరువు. టాక్సులు తీసెయ్యండి. అద్దె, కారు తీసెయ్యండి. ఆఖర్న లోను కిస్తీ, అదీ వడ్డీతో, పదేళ్ళో ఇరవయ్యేళ్ళో. అప్పుడు మిగిలేది మీ బరువు. రెండు కాలేజీల పిల్లలు ఒకే అంతస్తులో ఒకే డ్యూటీ చెయ్యడం నేను చూశాను. జీతాల్లో ఉన్న తేడా చిన్నది. అప్పుల్లో ఉన్న తేడా చిన్నది కాదు.

అవతలి మాట కూడా చెప్పాలి. పెద్ద ఆసుపత్రులు నాలుగేళ్ళ డిగ్రీయే అడుగుతాయి. అదీ నిజమే. అయితే ముందు లైసెన్సు తెచ్చుకుని పనిలో చేరితే, మిగతా చదువుకి కొంత ఫీజు ఇచ్చే ఆసుపత్రులున్నాయి. మా హోములోంచి అలా వెళ్ళి చదువుకున్నవాళ్ళు ఉన్నారు. ఆలస్యమవుతుంది. డ్యూటీ చేసి వచ్చి చదవాలి, కళ్ళు మూతలు పడతాయి. ఉచితంగా ఏదీ రాదు. కానీ ఆ దారిలో ఇంకొకళ్ళ సంతకం అక్కర్లేదు.

ఆగస్టు

రెండు నెలలు అయిపోయాయి. శ్రేయ చేతులు గరుకెక్కాయి, మాటలు తగ్గాయి. మొన్న గురువారం మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చింది. మర్నాడు శుక్రవారమే లోను ఫారానికి ఆఖరు. సంతకం పెట్టే ముందు నీకొకటి చెప్పాలి అని కూర్చోబెట్టి, పైన రాసినదంతా చెప్పాను. మా ఇంట్లో ఎవరికీ చెప్పనిది మొదటిసారి దానికే చెప్పాను.

అంతా విని, నా చేతికేసి చూసింది. ఆగస్టులో కూడా చలేసి వేసుకున్న స్వెట్టరు చేతులు పైకి మడిచి ఉన్నాయి, నా గాజులు మోచేతి దగ్గర ఉన్నాయి. నేను చెయ్యి కిందికి దించాను.

"అమ్మమ్మా, ఫాస్టింగ్ వీక్‌లో ఎన్ని డేస్?"

"సోమ, గురు, శని."

"లాస్ట్ ఇయర్ ఓన్లీ శనివారం కదా?"

మొక్కుకున్నాను అన్నాను. అది నమ్మలేదు. ఫ్రిజ్ తెరిచి చూసింది, మూసింది. నేను డబ్బులు దాచే చోటు దానికి తెలుసు, నా అలమరలో బట్టల కింద ఉన్న కవరు తెచ్చి బల్ల మీద పెట్టింది. కవరు మీద దాని పేరే రాసి ఉంది. మార్చి నుంచి కూరగాయల్లో, పళ్ళడాక్టరు ఫీజులో, గురువారాల్లో మిగిల్చింది. దాని మొదటి సెమిస్టరు కోసం. ఇచ్చేటప్పుడు చెబుదామనుకున్నాను.

శ్రేయ బాత్రూములోంచి బరువు తూచే మెషీను తెచ్చి వంటింటి నేల మీద పెట్టింది. కాలితో తట్టింది. సున్నా చూపించేదాకా ఆగింది.

"ఎక్కు."

ఎక్కబోయాను.

"ఫస్ట్ స్వెట్టర్ పాకెట్స్ ఖాళీ చెయ్యి."

తాళాలు తీశాను. కళ్ళజోడు, ఫోను తీశాను. ఆఖర్న ఆ తెల్ల రాయి తీసి బల్ల మీద పెట్టాను. శ్రేయ దాన్ని చూసింది గానీ ముట్టుకోలేదు. స్వెట్టరు కూడా విప్పించింది.

నేను కిందికి చూడలేదు. టిక్కుమంది. ఎండ నిండిన వంటింట్లో అదే చప్పుడు. శ్రేయ వంగి చదివింది. ఏప్రిల్లో డాక్టరు దగ్గర ఎంత ఉన్నావని అడిగింది. చెప్పాను. అది మనసులో తీసివేసుకుంది. తీసివేత నేర్పింది నేనే.

"లెవెన్," అంది.

పెన్ను తీసి అరచేతిలో రాసుకుంది. వంటింట్లో కాగితాలున్నాయి, అయినా చేతిలోనే రాసుకుంది.

"బరువు తగ్గితే ఫ్యామిలీకి చెప్పాలి అమ్మమ్మా. రూల్."

"నువ్వే కదుటే ఫ్యామిలీ."

"సో నాకు చెప్పినట్టే. ఇంకా మమ్మీకి చెప్పాలి."

ముందు ఫోనులో ఆ ఫారం తెరిచింది. నా పేరు, ఖాళీ గీత అలాగే ఉన్నాయి. నా కళ్ళముందే దాన్ని తీసేసింది. నిజంగా పోయిందా అని రెండోసారి చూసుకుంది. కౌంటీ కాలేజీలో సీట్లున్నాయా అని ఆ కాలేజీకి ఫోను కలిపి, వాళ్ళు ఎత్తేలోపు గరిటెతో అన్నం పళ్ళెంలో పెట్టి నా ముందుకి తోసింది. నిన్నటి పప్పు, ఆవకాయ. నేను తినేదాకా ఎదురుగా నిలబడి చూసింది, లూసీ నిలబడినట్టు.

గురువారం నాడు అన్నం తిన్నాను. పళ్ళెం ఖాళీ అయ్యాక, దాని కింద, బల్ల కింద కూడా వంగి చూసింది.